కాలేజీ వద్దు, ఎలక్ట్రీషియన్ అవుతానంటున్న అబ్బాయికి: అమెరికాలో యూనియన్ అప్రెంటిస్‌షిప్ దారి

ప్రశ్న ఇదీ: న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఉంటున్న తెలుగు కుటుంబం. అబ్బాయికి 17 ఏళ్ళు, 11వ గ్రేడు. మార్కులు మధ్యరకం, చేతిపని అంటే ప్రాణం. నాలుగేళ్ళ డిగ్రీ చదవనని, యూనియన్‌లో చేరి ఎలక్ట్రీషియన్ అవుతానని పట్టుబడుతున్నాడు. నాన్న ససేమిరా అంటున్నారు. ఇది నమ్ముకోదగ్గ దారేనా, అయితే ఎక్కడ మొదలుపెట్టాలి అని అమ్మ అడుగుతున్నారు.

నమ్ముకోదగ్గ దారేనండీ. అయితే ఇది చదువు అబ్బనివాళ్ళ కోసం తెరిచి ఉంచిన దొడ్డిదారి కాదు. దీనికీ పరీక్ష ఉంది, ఇంటర్వ్యూ ఉంది, ర్యాంకు ఉంది. సీట్లు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. ఎస్ఏటీకి ఎంత ముందు నుంచి తయారవుతారో దీనికీ అంత ముందు నుంచి తయారవ్వాలి. గ్రాడ్యుయేషన్ అయ్యాక చూద్దాంలే అనుకున్న పిల్లలే ఏడాది, రెండేళ్ళు ఇంట్లో కూర్చుని, చివరికి మనసు విరిగి ఇంకేదో పనిలో పడతారు. మీవాడికి ఇంకా ఏడాది పైన టైము ఉంది. అది చాలు.

అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది వీసా. అబ్బాయి ఇక్కడ పుట్టినవాడో, గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయితే ఈ పేరా మీకు అక్కర్లేదు. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉంటే మాత్రం ఇప్పుడే ఆగి ఆలోచించాలి. అప్రెంటిస్‌షిప్ అంటే మొదటి రోజు నుంచీ జీతం వచ్చే ఉద్యోగం. హెచ్-4 మీద ఉన్న పిల్లలకు ఉద్యోగం చేసే హక్కు లేదు. హెచ్-4 ఈఏడీ (ఉద్యోగం చేయడానికి అనుమతి కార్డు) అని మనవాళ్ళు చెప్పుకునేది భార్యకో భర్తకో వచ్చేది, పిల్లలకు రాదు. స్టూడెంట్ వీసా ఎఫ్-1కి మార్చినా కుదరదు. మీ గ్రీన్‌కార్డు ఫైలు ఐ-485 (చివరి దశలో పెట్టే దరఖాస్తు) దాకా వచ్చి, దాని మీద అబ్బాయికి ఈఏడీ చేతికొచ్చి ఉంటే పనిచేయొచ్చు. 21 ఏళ్ళు నిండితే మీ ఫైలు కింద పిల్లవాడిగా లెక్కలోకి రాకపోవచ్చు; ఆ వయసు లెక్క చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్ కింద మీకు ఎలా పడుతుందో లాయరు చేత చూపించుకోండి. ఈ పని చేయకుండా పిల్లవాడికి ఆశపెట్టి, పరీక్ష పాసయ్యాక కాగితాలు లేవని తెలిస్తే వాడు తట్టుకోలేడు.

ఇక అసలు విషయం. ఎలక్ట్రీషియన్ల యూనియన్ పేరు ఐబీఈడబ్ల్యూ, 1891లో సెయింట్ లూయిస్‌లో పుట్టింది. కాంట్రాక్టర్ల సంఘం పేరు నెకా. ఈ రెండూ కలిసి నడిపే శిక్షణ కమిటీని జేఏటీసీ అంటారు. అందులో సగం మంది యూనియన్ తరఫు, సగం మంది కాంట్రాక్టర్ల తరఫు. మీరు దరఖాస్తు పెట్టేది ఈ కమిటీకి, ఏ ఒక్క కంపెనీకో కాదు. 1937 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం కింద ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన కార్యక్రమం ఇది. బిల్డింగుల్లో వైరింగ్ చేసే ఇన్‌సైడ్ వైర్‌మన్ కోర్సు ఐదేళ్ళు: సైట్లో 8,000 గంటల పని, దానితోపాటు దాదాపు 900 గంటల క్లాసు. పని పగలు. క్లాసులు కొన్నిచోట్ల వారానికి రెండు సాయంత్రాలు, కొన్నిచోట్ల నెలకు కొన్ని పూర్తి రోజులు.

దీన్ని మన ఐటీఐతో పోల్చుకుని చిన్నచూపు చూడకండి. ఐటీఐలో ముందు కోర్సు, తర్వాత పని వెతుక్కోవడం. ఇక్కడ పని, జీతం, చదువు మూడూ ఒకేసారి మొదలవుతాయి. పూర్తి స్థాయి పనివాణ్ణి జర్నీమన్ అంటారు. అప్రెంటిస్‌కి జర్నీమన్ రేటులో ఇంత శాతం అని కట్టి ఇస్తారు, మొదట్లో సాధారణంగా 40 నుంచి 50 శాతం. గంటలు పూర్తవుతూ, క్లాసులో పాసవుతూ ఉంటే మెట్టుమెట్టుగా పెరుగుతుంది. లెక్క కోసం జర్నీమన్ రేటు గంటకు 60 డాలర్లు అనుకోండి, 40 శాతం మీద చేరినవాడికి 24 వస్తాయి. హెల్త్ ఇన్సూరెన్సు, పెన్షన్ దీనికి పైన. అవి కాంట్రాక్టరు విడిగా కట్టేవి, జీతంలోంచి కోసేవి కావు. ఇన్సూరెన్సు మొదలవ్వాలంటే ముందు కొన్ని గంటలు పని చేసి ఉండాలి. అందుకే చేరిన రోజే మీ ప్లాన్‌లోంచి అబ్బాయిని తీసేయకండి. 26 ఏళ్ళ దాకా మీ ప్లాన్‌లో ఉండొచ్చు.

నాన్నగారి భయం డబ్బు గురించైతే ఒక అంకె: 2023లో అమెరికా మొత్తం మీద ఎలక్ట్రీషియన్ల మధ్యస్థ ఆదాయం ఏడాదికి 61,590 డాలర్లని కార్మిక శాఖ లెక్క. అందులో యూనియన్, నాన్‌యూనియన్ అందరూ ఉన్నారు, చిన్న ఊళ్ళూ ఉన్నాయి. న్యూయార్క్, న్యూజెర్సీ, చికాగో, బే ఏరియా యూనియన్ రేట్లు దీనికంటే చాలా ఎక్కువ. మీ లోకల్ (యూనియన్‌కి మీ ప్రాంతంలో ఉన్న శాఖ) రేటు ఎంతో శిక్షణ కేంద్రాన్ని అడిగితే చెబుతారు. అంచనాలు వేసుకోకుండా ఆ కాగితమే చూడండి.

కాలేజీ కోసం 529 ఖాతాలో (చదువుకి పన్ను రాయితీతో దాచుకునే ఖాతా) దాచిన డబ్బు వృథా అవుతుందేమో అని చాలామంది బెంగపడతారు. 2019లో వచ్చిన సెక్యూర్ చట్టం ప్రకారం రిజిస్టరైన అప్రెంటిస్‌షిప్‌కి అయ్యే ఫీజులు, పుస్తకాలు, పనిముట్లకు ఆ డబ్బు పన్ను లేకుండా వాడుకోవచ్చు. రసీదులు దాచండి. డిగ్రీ మీద మమకారం ఉంటే అదీ పూర్తిగా మూసుకుపోదు. న్యూయార్క్‌లో లోకల్ 3 అప్రెంటిస్‌లు శిక్షణతో పాటే సనీ ఎంపైర్ యూనివర్సిటీలో అసోసియేట్ డిగ్రీ చదువుతారు. చాలాచోట్ల క్లాసు గంటలకు కాలేజీ క్రెడిట్లు వచ్చే ఏర్పాటు ఉంటుంది.

ఇప్పుడు పరీక్ష. దరఖాస్తుకి కావాల్సిన కనీస అర్హతలు హైస్కూల్ డిప్లొమా లేదా దానికి సమానమైన జీఈడీ, పనిలో చేరే నాటికి 18 ఏళ్ళు, ఒక పూర్తి ఏడాది ఆల్జీబ్రాలో పాసు మార్కు. ఈ మూడోదే ఎక్కువమందిని వెనక్కి లాగుతుంది. ట్రాన్స్‌క్రిప్ట్ (స్కూలు ఇచ్చే మార్కుల పత్రం) తెప్పించి ఆల్జీబ్రా 1 అనే పేరు, దాని పక్కన గ్రేడు ఉన్నాయో లేదో కళ్ళారా చూడండి. సి కంటే తక్కువ ఉంటే 12వ గ్రేడులోనే మళ్ళీ తీసుకోవాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో 9వ తరగతి దాకా చదివి ఇక్కడికొచ్చిన పిల్లలకు ఇంకో చిక్కు ఉంటుంది. ఆల్జీబ్రా అక్కడే అయిపోయి ఉంటుంది, ఇక్కడి ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఆ పేరే కనబడదు. అలాంటప్పుడు స్కూల్ కౌన్సెలర్‌ని పట్టుకుని క్రెడిట్ రాయించండి. లేదంటే ఈ శిక్షణ కేంద్రాలు ఒప్పుకునే ఆన్‌లైన్ టెక్ మ్యాథ్ కోర్సు చేయించండి.

పరీక్షలో రెండు భాగాలు. లెక్కలు 33 ప్రశ్నలు, 46 నిమిషాలు. రీడింగ్ 36 ప్రశ్నలు, 51 నిమిషాలు. అంటే ప్రశ్నకు దాదాపు 85 సెకన్లు. క్యాలిక్యులేటర్ ఇవ్వరు. స్కోరు 1 నుంచి 9 దాకా, ఇంటర్వ్యూకి పిలవాలంటే కనీసం 4 రావాలి. తప్పితే మళ్ళీ రాయడానికి ఆరు నెలలు ఆగాలి. అందులో క్యాలిక్యులస్ ఏమీ ఉండదు. సమీకరణాలు, అసమానతలు, ఫ్యాక్టర్లు విడదీయడం, ఫంక్షన్ గ్రాఫులు, సంఖ్యల వరుసలో తర్వాతి సంఖ్య ఏదో చెప్పడం, అంతే. పిల్లలు తప్పేది తెలియక కాదు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్‌కి అలవాటుపడి భిన్నాలు చేత్తో చేయలేక. మూడు నెలల పాటు రోజూ అరగంట, కాగితం, పెన్సిల్, గడియారం పెట్టుకుని చేస్తే సరిపోతుంది. లెక్కలు గట్టిగా వచ్చినవాళ్ళు రీడింగ్‌ని తేలిగ్గా తీసుకుంటారు, అది తప్పు. పేరాలో రాసి ఉన్నదాన్ని బట్టే జవాబు గుర్తించాలి గానీ తనకు తెలిసినదాన్ని బట్టి కాదు.

పైపులు వంచేవాడికి ఆల్జీబ్రా ఎందుకు అని నాన్నగారు అడిగితే ఇది చూపించండి. అర అంగుళం ఈఎమ్‌టీ పైపు (లోపలి నుంచి కరెంటు తీగలు లాగే పల్చటి లోహపు గొట్టం) ఒకటి నేల మీద పరిచి, చివర 12 అంగుళాలు నిటారుగా లేచేలా వంచాలి. చివరి నుంచి 12 దగ్గర గుర్తు పెడితే పైపు పాడైనట్టే. వంపు తిరిగే చోట కొంత పొడవు దానంతట అదే వస్తుంది: అర అంగుళం పైపుకి 5 అంగుళాలు, ముప్పావుకి 6, అంగుళానికి 8. కాబట్టి గుర్తు 7 దగ్గర పెట్టాలి. పైపు వంచే పనిముట్టు బెండర్ మీది బాణాన్ని ఆ గుర్తుకి ఆనించి, కాలి బరువంతా బెండర్ మీద వేసి తొక్కాలి. కాలు వదులైతే పైపు నొక్కుకుపోతుంది. ఇప్పుడు దారిలో ఒక బీము అడ్డం వచ్చింది, పైపు 4 అంగుళాలు పక్కకు తప్పుకోవాలి. రెండు చోట్ల 30 డిగ్రీలు వంచాలి, గుర్తుల మధ్య దూరం 4ని 2తో గుణిస్తే 8 అంగుళాలు. ఆ 2 ఎక్కడిదంటే, సైన్ 30 విలువ సగం కాబట్టి. 45 డిగ్రీలైతే 1.4తో గుణించాలి. పైగా ఇలా పక్కకు తిరిగిన పైపు నిడివి తగ్గుతుంది. 30 డిగ్రీలకు అంగుళానికి పావు చొప్పున, 4 అంగుళాలకు ఒక అంగుళం. అది ముందే కలపకపోతే పైపు చివర బాక్సుకి అంగుళం ఇవతలే ఆగిపోతుంది. రెండు వంపులూ ఒకే తలంలో పడకపోతే పైపు మెలితిరుగుతుంది, సైట్లో దాన్ని డాగ్‌లెగ్ అంటారు, అందరూ చూస్తుండగా తీసి పారేయాలి. సైన్, కొసైన్ అంటే విసుక్కునే పిల్లలకు ఇక్కడ అవి చేతికి తగులుతాయి.

పరీక్ష తర్వాత ఇంటర్వ్యూ, ర్యాంకు తేల్చేది ఎక్కువగా ఇదే. నలుగురైదుగురు కూర్చుంటారు, అందరినీ ఒకేలాంటి ప్రశ్నలు అడిగి మార్కులు వేస్తారు. ఈ పనే ఎందుకు, ఎత్తుల మీద పని చేయగలవా, తోటివాడితో గొడవైతే ఏం చేశావు, ఏదైనా పని మొదటి నుంచి చివరిదాకా నువ్వే చేసింది చెప్పు. ఇక్కడ మన పిల్లలకు కొంచెం ఇబ్బంది ఉంటుంది. చదువుకుంటే చాలని ఇంట్లో ఏ పనీ చెప్పం, బయట ఉద్యోగానికీ పంపం. అందుకే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. ఈ వేసవిలోనే ఒక ఉద్యోగంలో పెట్టండి. హార్డ్‌వేర్ షాపు, గోదాము, లాన్ పని, ఏదైనా సరే. ఆరు నెలలు మానకుండా, ఆలస్యం కాకుండా చేశాడని ఒక మేనేజరు ఉత్తరం రాసిస్తే దాని విలువ వేరు. గుడి పండగలకు లైట్లు, మైకులు కట్టిన వాలంటీరు పని ఉంటే అదీ చెప్పమనండి. ‘ముందు ఇది చేసి తర్వాత ఇంజినీరింగ్‌కి వెళ్తాను’ అని మాత్రం అననివ్వకండి. ఒక అప్రెంటిస్ మీద ఐదేళ్ళ ఖర్చు పెట్టేవాళ్ళకు అది వెళ్ళిపోతానని చెప్పినట్టే వినిపిస్తుంది.

ఇంకో మాట, ఇది తల్లిదండ్రులకు. శిక్షణ కేంద్రానికి మీరు ఫోన్ చేయకండి. దరఖాస్తు వాడే నింపాలి, వాడే ఫోన్ చేయాలి, ఇంటర్వ్యూకి వాడే కారు నడుపుకుంటూ వెళ్ళాలి. మీరు చేయాల్సింది కాగితాలు సరిచూడటం. అందులోనూ ముఖ్యంగా పేరు. మన ఇంటిపేర్లు ఒక కాగితంలో ముందు, ఒకదానిలో వెనక, ఇంకోదానిలో పొడి అక్షరంగా ఉంటాయి. సోషల్ సెక్యూరిటీ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, ట్రాన్స్‌క్రిప్ట్, బర్త్ సర్టిఫికెట్టు నాలుగూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిపోల్చండి. తేడా ఉంటే ఇప్పుడే దిద్దించండి. కొన్ని లోకల్స్‌లో దరఖాస్తులు ఏడాదికి కొద్ది రోజులే తీసుకుంటారు, అప్పుడు దిద్దించుకునే వ్యవధి ఉండదు.

లైసెన్సు గురించి న్యూజెర్సీ లెక్క గుర్తుపెట్టుకోండి. 17కి వచ్చేది ప్రొబేషనరీ లైసెన్సు. దాంతో రాత్రి 11 తర్వాత తెల్లవారి 5 దాకా మామూలుగా నడపకూడదు. అది ఏడాది ఉంటే గానీ 18 దాటాక పూర్తి లైసెన్సు ఇవ్వరు. సైట్లో పని 6కో 7కో మొదలవుతుంది, గంట దూరంలో ఉండొచ్చు, అంటే 5 లోపే బయల్దేరాలి. కాబట్టి 17 నిండగానే ప్రొబేషనరీ తీయించడం మేలు. ఆ దూరాలకు బస్సులూ రైళ్ళూ కలిసిరావు, మంచి స్థితిలో ఉన్న పాత కారు ఒకటి తప్పనిసరి.

ర్యాంకు జాబితా సాధారణంగా రెండేళ్ళు చెల్లుతుంది. పిలుపు నెలలో రావచ్చు, పద్దెనిమిది నెలలకు రావచ్చు. ఆ ఎదురుచూపులో ఖాళీగా ఉండకూడదు. ఓషా (పనిచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) 10 గంటల భద్రతా కోర్సు చేసి కార్డు తీసుకోవచ్చు. బిల్డింగ్ ట్రేడ్స్ యూనియన్లు ఎంసీ3 అనే ముందస్తు శిక్షణ నడుపుతాయి, మీ కౌంటీలో ఉందేమో చూడండి. ఎలక్ట్రికల్ సామాను సరఫరా చేసే దుకాణంలో ఉద్యోగం దొరికితే ఇంకా మంచిది. వెయ్యి రకాల ఫిట్టింగుల పేర్లు జీతం తీసుకుంటూ నేర్చుకుంటాడు. 12వ గ్రేడులోనే కౌంటీ వొకేషనల్ స్కూల్లో సగం రోజు ఎలక్ట్రికల్ క్లాసు దొరుకుతుందేమో కౌన్సెలర్‌ని ఈ నెలలోనే అడగండి.

ఒక్క జాబితానే నమ్ముకోకండి. ఎడిసన్ ఉన్న మిడిల్‌సెక్స్ కౌంటీ ఐబీఈడబ్ల్యూ లోకల్ 456 కిందికి వస్తుంది. పక్క లోకల్స్‌లో పెట్టొచ్చా లేదా అనేది అక్కడి నివాస నియమం మీద ఉంటుంది. ప్లంబర్లు, పైప్‌ఫిట్టర్లు, ఏసీ సర్వీసు వాళ్ళది యూఏ అనే యూనియన్, అదీ ఐదేళ్ళ శిక్షణే. షీట్‌మెటల్, కార్పెంటర్లు, ఐరన్‌వర్కర్లు ఉన్నారు. లిఫ్టులు బిగించే ఎలివేటర్ వాళ్ళది నాలుగేళ్ళు. 2023 లెక్కలో వాళ్ళ మధ్యస్థ ఆదాయం 1,02,420 డాలర్లు, కానీ దరఖాస్తులు తీసుకునేది అరుదు, పోటీ విపరీతం. ఎలక్ట్రికల్‌లోనే కరెంటు స్తంభాల మీద పనిచేసే లైన్‌మన్ శిక్షణ వేరు, దానికి లారీ నడిపే సీడీఎల్ లైసెన్సు కావాలి. అమ్మాయిలు ఈ పనుల్లో తక్కువమంది ఉన్నారు గానీ పరీక్ష, జీతం, మెట్లు అందరికీ ఒకటే. మీ ఇంట్లో చిన్నమ్మాయి ఉండి ఆసక్తి చూపిస్తే కాదనకండి.

‘ఎలక్ట్రీషియన్ ట్రైనింగ్’ అని వేల డాలర్లు ఫీజు కట్టించుకునే ప్రైవేటు స్కూళ్ళతో జాగ్రత్త. అక్కడ గడిపిన గంటలు అప్రెంటిస్ గంటల్లో కలుస్తాయన్న హామీ లేదు. అసలైన అప్రెంటిస్‌షిప్‌లో జీతం మీకు వస్తుంది, మీ దగ్గర ఫీజు గుంజరు. ప్రభుత్వ సైటు అప్రెంటిస్‌షిప్ డాట్ గవ్‌లో ఆ కార్యక్రమం పేరు ఉందో లేదో చూడండి. నాన్‌యూనియన్ కాంట్రాక్టర్ల సంఘాలు నడిపే రిజిస్టర్డ్ శిక్షణలూ ఉన్నాయి, అవి మోసం కాదు. జీతం, ఇన్సూరెన్సు, పెన్షన్ మూడూ పక్కపక్కన పెట్టి పోల్చుకుని తేల్చుకోండి.

చేరాక మొదటి ఏడాది మీకే ఎక్కువ కష్టంగా అనిపిస్తుంది. బిడ్డ దుమ్ముకొట్టుకుని వస్తాడు. సామాను మోస్తాడు, ఊడుస్తాడు, నిచ్చెన పట్టుకుంటాడు. అది అవమానం కాదు, సైటు ఎలా నడుస్తుందో చూసే టైము. పెద్ద యంత్రాలు కాంట్రాక్టరు ఇస్తాడు, చేతి పనిముట్లు మాత్రం తనవే ఉండాలి: 9 అంగుళాల లైన్‌మన్ ప్లయర్స్, డయాగనల్ కట్టర్, ఛానల్‌లాక్స్ (నోరు పెంచి తగ్గించుకునే పట్టకార్లు) రెండు, స్క్రూడ్రైవర్లు, వైర్ స్ట్రిప్పర్, సుత్తి, 25 అడుగుల టేపు, చిన్న లెవెల్, అలెన్ కీలు, టెస్టర్. లోకల్ ఇచ్చే జాబితాలో ఉన్నవే కొనండి, ముందే మోజుపడి పెద్ద సెట్లు కొనొద్దు. బూట్లు మాత్రం మంచివి కొనండి.

పిల్లలకు మధ్యలో ఈ అవకాశం పోయేది ఎక్కువగా మూడు కారణాలతో. మొదటిది ఆలస్యం. 7 గంటల పనికి 6:45కి అక్కడ ఉండాలి, క్లాసుకి గైర్హాజరైతే కమిటీ ముందు నిలబెడతారు, మెట్టు ఆపుతారు. రెండోది డ్రగ్ టెస్ట్. న్యూజెర్సీలో పెద్దవాళ్ళకు గంజాయి చట్టబద్ధం కదా అనుకుంటారు. 21 లోపు వాళ్ళకు కాదు, పరీక్షలో దొరికితే చేరకముందే సీటు పోతుంది. మూడోది ఫోన్. నిచ్చెన మీద ఉన్నవాడికి కింద సామాను అందించాల్సిన కుర్రాడు ఫోన్ చూస్తుంటే ఎవరూ రెండోసారి అడగరు, మరో కుర్రాణ్ణి పంపమంటారు.

చేరేటప్పుడు సంతకం పెట్టించే కాగితాల్లో స్కాలర్‌షిప్ లోన్ ఒప్పందం అని ఒకటి చాలాచోట్ల ఉంటుంది. శిక్షణ అయ్యాక యూనియన్ కాంట్రాక్టర్ల దగ్గర కొన్నేళ్ళు పనిచేస్తే ఆ అప్పు మాఫీ. మధ్యలో నాన్‌యూనియన్‌కి వెళ్తే శిక్షణ ఖర్చు కట్టమంటారు. చదివి, అర్థం చేసుకుని పెట్టమనండి. నెలనెలా చందా, జీతంలో కొంత శాతం వర్కింగ్ డ్యూస్ ఉంటాయి, అవి ఎంతో ముందే అడగండి.

కష్టాలు దాచకూడదు. ప్రాజెక్టు అయిపోతే లేఆఫ్ వస్తుంది. తప్పు చేశాడని కాదు, ఈ పరిశ్రమ తీరే అంత. అప్రెంటిస్‌ని కమిటీయే మళ్ళీ ఇంకో కాంట్రాక్టరు దగ్గరికి పంపుతుంది, ఈలోగా నిరుద్యోగ భృతి తీసుకోవచ్చు, కానీ గంటలు ఆగుతాయి, మెట్టు ఆగుతుంది. మూడు నెలల ఖర్చులు బ్యాంకులో ఉంచుకోవడం మొదటి ఏడాదే నేర్పండి. మోకాళ్ళు, భుజాలు అరుగుతాయి. నిచ్చెన మీంచి పడటం, కరెంటు ఉన్న ప్యానెల్‌లో చెయ్యి పెట్టడం ప్రాణాలు తీసేవి. అందుకే కరెంటు ఆపి, తాళం వేసి, ట్యాగు కట్టి, టెస్టర్‌తో చూసుకున్నాకే ముట్టుకోవాలి. టెస్టర్‌ని ముందు కరెంటు ఉన్న చోట పెట్టి పనిచేస్తోందని రూఢి చేసుకోవాలి, ముట్టుకోబోయే తీగ మీద చూడాలి, మళ్ళీ కరెంటు ఉన్న చోట చూడాలి. బ్యాటరీ అయిపోయిన టెస్టర్ కూడా కరెంటు లేదనే చూపిస్తుంది. తొందరలో ఉన్న ఫోర్‌మన్ పర్లేదులే అన్నా, లాక్ వేయనిదే ముట్టుకోనని చెప్పే హక్కు అప్రెంటిస్‌కీ ఉంది. చెప్పగలిగే ధైర్యం ఇంట్లోంచే రావాలి. వాడు ఏ రోజైనా ఇంటికొచ్చి ‘ఇవాళ ఆ పని చేయనన్నాను’ అంటే, ఎందుకన్నావని మీరు కోప్పడకండి.

ఈ వారం మాత్రం రెండు పనులు చేయండి: ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఆల్జీబ్రా గ్రేడు చూడటం, లోకల్ 456 శిక్షణ కేంద్రం దరఖాస్తులు ఎప్పుడు తెరుస్తుందో అబ్బాయి చేతే ఫోన్ చేయించి కనుక్కోవడం.